రంపపు పొట్టులో మిగిలిన మేత

మా వదిన చూపు పోవడానికి కారణం నేనే. ఇన్నేళ్లూ ఈ మాట గొంతు దాటి రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పుడు మేం నాంపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. అన్న, వదిన, నేను. వదిన అబిడ్స్ దుకాణాలకు జాకెట్లు కుట్టేది. బాగా లావు. మెట్లెక్కితే ఆయాసం, బస్సెక్కితే పక్కవాళ్ల సణుగుడు. అక్కడ నవ్వేసేది, ఇంటికొచ్చి ఏడ్చేది. నేనేమో ఎలుకల మీద పరిశోధన చేస్తున్నాను. కొవ్వెక్కిన ఎలుకలకు ఎ విటమిన్ ఎక్కువగా ఇస్తే ఆ కొవ్వు ఏమవుతుందన్నది నా ప్రశ్న.

ఎలుక పెట్టిన మేతంతా తినదు, చిమ్మేస్తుంది. బోను కింద రంపపు పొట్టులో పడినదాన్ని రోజూ జల్లించి తూచాలి. అప్పుడే అది నిజంగా ఎంత తిన్నదో తెలుస్తుంది. కంపు, దుమ్ము. నాకు విసుగు. పొట్టుతో పాటే ఊడ్చి పారేసి, పెట్టిందంతా తిన్నట్టే లెక్క వేశాను. ఎలుకలు సన్నబడ్డాయి. తిండి తగ్గకుండానే కొవ్వు కరిగిందని మా ప్రొఫెసరు మురిసిపోయారు. నేనూ నమ్మాను. నమ్మానా? నమ్మడం హాయిగా ఉండింది, అంతే.

ఆ హాయిలోనే అబిడ్స్‌లో ఒక మందుల షాపు నుంచి పెద్ద మోతాదు ఎ విటమిన్ గోలీలు తెచ్చి వదినకిచ్చాను. అన్నకు చెప్పవద్దన్నాను. వదిన చిక్కింది. ఇద్దరం సంబరపడ్డాం. తర్వాత పెదవులు పగిలాయి, జుట్టు ఊడింది, తలనొప్పి పట్టుకుంది. కంచం పక్కకు తోసేయడం మొదలుపెట్టింది. అది చూసి భయమేసి ఒక ఉదయం బోను కింది పొట్టు జల్లించాను. మేత కుప్పగా మిగిలి ఉంది. కొవ్వు కరగడం కాదు, నేనిచ్చిన మోతాదుకు జబ్బుపడి అవి తినలేకపోతున్నాయి.

అప్పుడైనా చెప్పానా? లెక్క తప్పని తేలితే పట్టా రాదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే వదినకు చూపు మసకబారింది. దవాఖానకు నేనే తీసుకెళ్లాను.

"ఏమన్న గోలీలు గిట్ల తింటున్నదా?" డాక్టరు నన్నే అడిగాడు.

వదిన నా వైపు చూసింది.

"ఏం లేవు సార్," అన్నాను.

"ఔ సార్, ఏం తింటలేను," అంది వదిన.

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "చెప్తే నీ సదువుకు ఏమన్నయితదని ఊకున్న పిల్లా. గవి మంచియే గద?"

"మంచియే వదినె. ఇగ సాలు, ఆపెయ్."

ఆపేసింది. జుట్టు మళ్లీ వచ్చింది, చూపు పూర్తిగా రాలేదు. కారణం తెలియని డాక్టరు ఏవేవో మందులు మార్చి చూశాడు. ఆ రోజే నిజం చెప్పి ఉంటే చూపు దక్కేదా? తెలియదు. తెలుసుకునే దారిని కూడా నేనే మూసేశాను. నాకు మాత్రం పట్టా వచ్చింది. రేపెవరైనా, ఎ విటమిన్ నిజంగానే కొవ్వును తగ్గిస్తుందని సరిగ్గా తూచి రుజువు చేయవచ్చు. చేసినా నా అబద్ధం నిజమైపోదు.

వదిన కుట్టు మానేసింది. పేపరైనా, ఉత్తరమైనా, మందు సీసా మీది అక్షరాలైనా నేను చదివిపెట్టాల్సిందే. "నువ్వు లేకుంటే ఎట్లుండునో పిల్లా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను. ఇది రాస్తుంటే పక్కన కూర్చుని, ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పలేదు. కానీ రాసేశాను. గుండె కొంచెం తేలికపడింది.

తనంతట తాను దీన్ని చదువుకునే వీలు ఆమెకు లేదు. చదివి వినిపించాల్సింది నేనే.