గొలుసు కింద మచ్చ

పోపు చిట్లి నా మెడ కింద, రొమ్ము ఎముక మీద పడ్డ నూనె చుక్క శనగగింజంత కూడా లేదు. మూడు వారాల్లో పుండు మానింది. ఆ తర్వాతే మచ్చ లేవడం మొదలైంది. ఆరు నెలలకు పొడవు ఇరవై రెండు మిల్లీమీటర్లు, ఎత్తు నాలుగు. లెక్కల టీచరుగా చేసినదాన్ని కనుక ప్రతి శుక్రవారం కొలిచి, తేదీ వేసి నోటుపుస్తకంలో రాసేదాన్ని.

గల్ఫ్‌లో మేముండే ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో, మా ఇంటికి దగ్గర్లోనే ఇక్కడి అరబ్బు చర్మం డాక్టరమ్మ ఒకావిడ ఉంది. కోసి తీసేస్తే ఇంకా పెద్దదై తిరిగి రావచ్చంది. నాలుగు వారాలకోసారి మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షను, రోజుకు కనీసం పన్నెండు గంటలు సిలికాన్ పట్టీ అని రాసిచ్చింది.

"ఆ గొలుసు మాత్రం తీసెయ్యాలి. ఒరుసుకుంటుంటే తగ్గదు."

అది నా పుస్తెలతాడు. నలభై నాలుగేళ్లుగా మెడలోంచి తీయలేదు. సరేనని తలూపాను గానీ, ఆవిడ దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం ఎడమ మణికట్టుకు చుట్టుకుని కొంగు కప్పుకునేదాన్ని. ఒంటి మీద నుంచి తీయలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఇంటికి రాగానే మళ్లీ మెడలోకే.

మూడు ఇంజెక్షన్లయ్యాక మావారు నా పుస్తకం తిరగేశారు.

"ఏం టీచరమ్మా, మూడుసార్లూ నాలుగేనా? పిల్లలైతే కాపీ కొట్టారనేదానివి."

నిజం చెప్పాను.

"నాకేదో అవుతుందని కదూ భయం?"

"ఆ మాట అనకండి."

"అయితే ఇలా తే. నా జేబులో ఉంటుంది. నీ మెడకి సెలవు."

ఆ శనివారం తీసి ఆయన చేతిలో పెట్టాను. అరవై ఎనిమిదో ఏట కూడా ఆఫీసు మానని మనిషి. రోజూ బయల్దేరేముందు చొక్కా జేబు తట్టి, "డ్యూటీలో ఉంది," అనేవారు.

పదకొండో వారం, మంగళవారం పొద్దున, కారు పార్కింగులో పడిపోయారు. గుండె ఆగిపోయింది. ఆస్పత్రిలో ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చారు. కళ్లద్దాలు, పర్సు, గొలుసు.

"ఇది లేడీస్ గొలుసు. మీదేనా?" అని నర్సు అడిగింది. నాదేనని సంతకం పెట్టాను.

రక్తనాళాల్లో పూడికలు ఏళ్లనాటివని అక్కడి డాక్టరు చెప్పాడు. గొలుసు తీసిన రోజుకూ ఆయన పోయిన రోజుకూ సంబంధం లేదని నాకూ తెలుసు. అయినా మధ్య రోజులు లెక్కపెట్టాను. డెబ్బై మూడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే.

రెండు నెలల తర్వాత మళ్లీ చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడకు ఏమీ తెలియదు. వేలితో నొక్కి చూసి సంతోషపడింది.

"చూశారా, గొలుసు తీస్తే ఎంత తేడా వచ్చిందో! ఇంకొన్నాళ్లాగి మళ్లీ వేసుకోవచ్చు."

"సరే," అన్నాను.

గొలుసు ఆయన చొక్కా జేబులోనే పెట్టి ఉంచాను. ఆ శుక్రవారం మచ్చ కొలిచి, తేదీ వేశాను. ఎత్తు ఒక మిల్లీమీటరు లోపే. స్కేలు మీద అంతకన్నా చిన్న గీత లేదు.