ఆ జీపును నిలబెట్టిన తోలు ముక్క

మా చిన్నప్పుడు... చాపాడు దగ్గరి ఒక పల్లెలో, ఒక పెద్దాయన ఇంటి ముందు, జీపు ఒకటి నాలుగు రోజులు దగ్గుతూనే ఉండింది. ఇంజన్ వేగం దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది... చివరికి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. మా నాయన బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని నిలబడేవాడు.

ఆ జీపు ఫోటోను పెద్దాయన మనవడు నిన్న ఇక్కడే, ఈ గ్రూపులోనే పెట్టాడు. వాళ్ల తాత మద్రాసు నుంచి ఇంజనీరును పిలిపించి బాగు చేయించాడట! కింద వరసగా దండాల బొమ్మలు, మధ్యమధ్యలో ఊరి మెకానిక్కుల మీద జోకులు.

మద్రాసు నుంచి ఎవడూ రాలేదు. నేను అక్కడే ఉన్నాను.

మా నాయన దేవదానం జమ్మలమడుగులో మెకానిక్కు. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివి, పులివెందుల లారీ షెడ్లలో పని నేర్చుకున్నాడు. ఆ జీపులోని పెట్రోలు ఇంజన్ తీసేసి పాత డీజిల్ ఇంజన్ ఎక్కించింది ఆయనే. ఇంజన్ కూర్చోవడానికి కొత్త ఇనుప పట్టీలు కొట్టాడు, గాలి గొట్టం వంచాడు, గేరుబాక్సు కలిపాడు... బండి నడిచింది. కానీ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే నిలకడ లేదు. కాలు తీశాక కూడా ఇంజన్ అరవకుండా, ఆగకుండా, ఒకే తీరున ఆడాలి. దాన్నే ఐడ్లింగ్ అంటారు.

నాయన స్క్రూ బిగించాడు, వదులు చేశాడు. పైపుల్లో గాలి తీశాడు. డీజిల్ పంపును విప్పి ప్రొద్దుటూరుకు మోసుకుపోతే షాపాయన "పంపు బాగుండాది, నీ బిగింపే బాగలేదు" అని తిప్పి పంపాడు.

నాలుగో రోజు పెద్దాయన, అరుగు మీది నలుగురూ వినేలా అన్నాడు.

"తోలు కుట్టుకునేటోళ్లకు బండి తోలే సంగతి యాడ తెలుస్తాదప్పా? వీన్ని పిలిచిన నాదే బుద్ధి తక్కువ."

నలుగురూ నవ్వారు.

"ఒరే దేవదానం, నీ సామాన్ల పెట్టె ఈడనే పెట్టిపో. ఇంజన్ నిలబడినాక తీసుకుందువు."

ఆ పెట్టె లేకపోతే నాయన మళ్లీ కూలికి పోవలసిందే. నా బడి కూడా అంతటితో సరి.

జేబులో మిగిలిన స్క్రూడ్రైవరుతో ఆయన చివరిసారి పంపు వెనక మూత విప్పాడు. ఇంజన్ గాలి పీల్చే తీరును బట్టి డీజిల్ను ఎక్కువ తక్కువ చేసే డబ్బా అది. లోపల పలచటి గుండ్రటి ముక్క. రబ్బరు అనుకున్నాడు. అలాంటిదే ఇంకోటి కోసిస్తాడేమోనని ఇంటికి తెచ్చి మా అబ్బ చేతిలో పెట్టాడు.

అబ్బ అంటే నాయన తండ్రి. ఎద్దులతో కపిల బావుల్లోంచి నీళ్లు తోడే తోలు తొండాలు కుట్టిన మనిషి. అప్పటికే చూపు మందగించింది. ముక్కను వేళ్లతో నలిపాడు, పెదాలకు ఆనించి ఊదాడు.

"రబ్బరేందిరా... తోలు ఇది! నూనె లేక ఎండి పగిలింది. గాలి యాడికాడికి పోతాంది."

"ఇంజన్లో తోలు యాడుంటాది నాయనా?"

"నువ్వు సదువుకున్నోడివి, నీకు తెల్దులే. నా చేతులకు తెలుసు."

మేకతోలును చెక్కి చెక్కి తమలపాకంత పలచన చేశాడు. ఆముదం పట్టించి రెండు రోజులు పిసికాడు. పాత ముక్క కొలతకు కోశాడు.

నాయన బిగించి ఇంజన్ తిప్పాడు. ఒకసారి ఎగిరింది... దిగింది... నిలబడింది. స్క్రూను పావు చుట్టు తిప్పాడు, అంతే. సీటు మీద కూర్చున్న నాకు కింద కుదుపు ఆగిపోవడం తెలిసింది.

"ఏం చేసినావురా?" అన్నాడు పెద్దాయన.

"తోలు మార్చినా సామీ."

"నా బండిలో తోలేందిరా?"

"ఈ ఇంజన్లో మొదట్నుంచీ ఉండాది సామీ. కంపెనీ వాళ్లే పెట్టినారు. ఇంక మీరు తిరిగేది దాని మీదనే."

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. అరుగు మీద ఎవరూ లేరు. పెట్టె మీద కాలు పెట్టాడు.

"ఇది కావల్నంటే ఆ మాట యాడా అనాకు. మద్రాసు ఇంజనీరు వచ్చి చేసిపోయినాడని చెప్పు."

నాయన పెట్టెను చూశాడు. నన్ను చూశాడు. "సరే సామీ" అన్నాడు. చచ్చేదాకా ఆ మాట తప్పలేదు. అందుకు ఆయన మీద కూడా నాకు కోపమే.

పెద్దయ్యాక నేను దొరికిన పుస్తకమల్లా చదివాను. అలాంటి పంపు మాన్యువల్ ఒకటి పాత పుస్తకాల్లో దొరికింది. తోలును నూనెతో మెత్తగా ఉంచాలని అందులో ఉంది, ఒకే ఒక్క వాక్యం. ప్రొద్దుటూరు షాపాయన చదవని వాక్యం... అక్షరం ముక్క రాని మా అబ్బకు తెలిసిన వాక్యం.

బాబూ, పెద్దాయన మనవడా... జీపు ఇప్పటికీ నిలకడగా ఆడుతోందని మురిసిపోయావు కదా. పంపు వెనక మూత విప్పు. నాలుగు స్క్రూలే. లోపల మేకతోలు, దాని అంచున మా అబ్బ కత్తి గాటు ఉంటాయి. ఆ ఫోటో కూడా పెట్టు.

ఇప్పటి బండ్లలో ఐడ్లింగ్‌ను కంప్యూటరు చూసుకుంటుంది. ఇంజన్లలోంచి తోలు పోయింది... అరుగు మీది ఆ నవ్వు మాత్రం పోలేదు, కామెంట్లలోకి వచ్చి కూర్చుంది.

మీ వాళ్లు చేసిన ఏ పనికి ఎవరి పేరు తగిలించారో మీరూ రాయండి. నోరు మూసుకుంటామని మాట ఇచ్చినవాళ్లు ఎలాగూ పోయారు... మనం ఎవరికీ ఆ మాట ఇవ్వలేదు.