గుర్రాల ఆటకు ఖలందర్ వేసిన లెక్క

రియాద్‌లో మా మలాజ్ వీధిలో నెల రోజులుగా ఒక మాట తిరుగుతోంది. ఏసీల పని చేసే ఖలందర్ భార్యనూ కూతురినీ గుర్రాల ఆటకు తీసుకెళ్ళాడట. వాళ్ళిద్దరికే టికెట్లు కొన్నాడట. తన టికెట్ డబ్బు మిగుల్చుకుని, గేటు బయట గట్టు మీద కూర్చుని, డబ్బాలో అన్నం ఒక్కడే తిన్నాడట. పిసినారి అని కొందరు, దారిలో పెళ్ళాంతో పోట్లాడాడని కొందరు.

ఈ మాట పుట్టిన చోటు నాకు తెలుసు. మా కింద కిరాణా అంగడి నడిపే గౌస్ మొహిద్దీన్. హైదరాబాద్ మనిషి, మంచివాడే, కానీ పప్పు తూచినంత జాగ్రత్తగా మాట తూచడు. నేను పాలపొడి కోసం వెళ్తే నాకే చెప్పాడు.

"ఆపా, మీ కడపోళ్ళు గింత పిసినోళ్ళా? పెండ్లాం పిల్లను లోపటికి తోలి, తను బయట గూసోని పులిహోర తింటుండు! నా కండ్లతోని జూసిన."

"ఎంతసేపు చూసినావయ్యా?"

"మా పిల్లలతోని లోపటికి పోతా ఉంటే జూసిన. రెండు నిమిషాలు సాలదా?"

"చాలదు. పైగా అది పులిహోర కాదు, చిత్రాన్నం. నిమ్మకాయలు పిండింది నేనే" అని చెప్పి వచ్చాను.

ఆ రోజు మొదటి నుంచి చివరిదాకా నేను వాళ్ళ వెంటే ఉన్నాను. నా టికెట్ నేనే కొనుక్కున్నాను, అది కూడా ఇక్కడే చెప్పేస్తే మంచిది. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఖలందర్‌ది మా రాయచోటి పక్క పల్లె. వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఖలందర్ కడపలో ఏసీల పని నేర్చుకుని, కూతురు అయేషాకు రెండేళ్ళప్పుడు సౌదీ వచ్చాడు. మొదట యాన్బులో ఒక ఫ్యాక్టరీలో రెండేళ్ళ కాంట్రాక్టు, తర్వాత రియాద్‌లో ఈ మెయింటెనెన్స్ కంపెనీ. ఈ ఆరేళ్ళలో ఊరికి వెళ్ళింది రెండుసార్లు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నిచ్చెన లేకుండానే సగం పనులు చేస్తాడు. ఏ పనికైనా ముందు అంచనా వేయందే చెయ్యి పెట్టడు. ఏసీ వచ్చిన అట్టపెట్టె మూత చింపి, దాని వెనక నల్ల మార్కరుతో రాస్తాడు. సామాన్లు ఇంత, కూలి ఇంత, కింద చివర్లో 'లీకేజీ' అని ఇంత. గ్యాస్ ఎక్కడ కారిపోతుందో ముందే తెలియదు కదా, దానికి పక్కన పెట్టే డబ్బు అది.

మొన్న చలికాలంలో భార్య అఫ్షాన్‌నూ అయేషానూ మూడు నెలల విజిట్ వీసా మీద తెచ్చుకున్నాడు. అంతవరకు నలుగురు మగవాళ్ళతో ఒక గదిలో ఉండేవాడు. వీళ్ళ కోసం మా మిద్దె మీది గది అద్దెకు తీసుకున్నాడు. అట్లా వాళ్ళు నా కళ్ళ ముందుకు వచ్చారు. నా కళ్ళ ముందుకు వచ్చినవాళ్ళ సంగతి నేను కనుక్కోకుండా ఉండను.

అయేషాకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. నోరు తెరిస్తే వాగుడుకాయ. జేజీ జేజీ అంటూ నాతో మాట్లాడుతుంది, గౌస్‌తో మాట్లాడుతుంది, మెట్ల మీద పడుకునే పిల్లికి కూడా కథలు చెబుతుంది. తండ్రి ఇంట్లోకి రాగానే మాత్రం వాళ్ళమ్మ చున్నీ వెనక్కి పోతుంది. ఏం అడిగినా "ఊ", లేకపోతే "ఊహూ". ఆరేళ్ళు ఫోనులో చూసిన ముఖం ఎదురుగా వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలో పాపం దానికీ తెలియదు.

ఒకనాడు ఖలందర్ మా గుమ్మంలో కూర్చుని అన్నాడు: "ఇంక తొమ్మిది దినాలే ఉండాది పెద్దమ్మా. బొమ్మలు తెచ్చిస్తి, చాక్లెట్లు తెచ్చిస్తి. నాతో ఒక్క ముక్క సక్కంగా మాట్లాడలేదు. ఈడున్నప్పుడే మాట్లాడకపోతే, ఊరికి పోయినాక ఫోన్లో ఏం మాట్లాడ్తాది?"

"దానికి ఏం కావాల్నో అడిగినావా?"

"అడిగితే ఊహూ అంటాది."

అప్పుడు నేను చూసింది చెప్పాను. మేం కూరగాయలకు వెళ్ళే దారిలో ఒక పెద్ద బోర్డు పెట్టారు. ఎగిరి తన్నుతున్న గుర్రం, దాని మీద టోపీ మనిషి. ఊరి బయట రోడియో, కార్నివాల్ అని దాని మీద రాసి ఉంది. రోడియో అంటే పొగరుబోతు గుర్రం ఎక్కి కింద పడకుండా ఎంతసేపు కూర్చోగలరో చూసే పోటీ. కార్నివాల్ అంటే మన తిరునాళ్ళే, రాట్నాలూ అంగళ్ళూ. ఆ బోర్డు దగ్గరికి రాగానే అయేషా కాళ్ళు ఆగిపోతాయి. నేను చెయ్యి పట్టి లాగితే గాని కదలదు.

ఖలందర్ వెంటనే లేచి అట్టముక్క వెతుక్కున్నాడు.

లెక్క మా వంటగదిలోనే వేశాడు. ఉన్నది మూడు వందల రియాళ్ళు, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. టికెట్ పెద్దవాళ్ళకు అరవై, పిల్లకు ముప్పై, కలిపి నూట యాభై. మెట్రోకు ముగ్గురికీ రానూపోనూ ఇరవై నాలుగు. పిల్ల గుర్రం ఎక్కడానికి నలభై. రాట్నానికి తల్లీకూతుళ్ళకు ముప్పై ఆరు. జ్యూసు, పేలాలు ముప్పై. చివర లీకేజీ ఇరవై. సరిగ్గా మూడు వందలు.

అఫ్షాన్ పక్కన నిలబడి చూస్తోంది. ఆమె పదో తరగతి పాసైన మనిషి, ఇరవై మూడో ఎక్కం నోటికి వచ్చు. వచ్చిన మర్నాటి నుంచి ప్రతి వస్తువునూ రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకుంటోంది.

"నలభై రియాళ్ళంటే తొమ్మిదినూట ఇరవై! ఒక రౌండు గుర్రం ఎక్కేదానికా? ఆ దుడ్లకు మా ఊర్లో గుర్రంబండిలో పెండ్లి ఊరేగింపే చేస్తారు."

"చూడు, ఆ రోజుకు ఒక రూలు పెడతాండా" అన్నాడు ఖలందర్. "రూపాయల్లో మాట్లాడినోళ్ళు ఒక రియాలు జుర్మానా కట్టాల. అయేషా లెక్క పెడ్తాది. ఏం పాపా?"

"ఊ" అంది పిల్ల, వాళ్ళమ్మ వెనక నుంచి. కానీ వేళ్ళు అప్పుడే సిద్ధం చేసుకుంది.

గురువారం మధ్యాహ్నం అతనికి సగం పూట సెలవు దొరికింది. నేనూ వస్తానన్నాను. ఆ గుర్రం బోర్డు నన్ను కూడా ఎన్నాళ్ళుగానో ఊరిస్తోంది. చిత్రాన్నం పెద్ద డబ్బాకు కట్టుకున్నాం. మెట్రో దిగి, వాళ్ళే పెట్టిన ఉచిత బస్సు ఎక్కి, మూడున్నరకల్లా గేటు దగ్గర ఉన్నాం. అప్పటికే అఫ్షాన్ నీళ్ళ సీసా ధర చూసి రెండు రియాళ్ళ జుర్మానా తెచ్చుకుంది.

టికెట్ల కిటికీలో ఉన్న అమ్మాయి 'తొంభై' అంది.

"అరవై గదా?" అన్నాడు ఖలందర్.

ఆ అమ్మాయి నవ్వి పక్కనున్న పలక చూపించింది. ఆదివారం నుంచి బుధవారం దాకా అరవై. గురు, శుక్ర, శనివారాల్లో తొంభై. పిల్లలకు నలభై ఐదు.

ఈ పొరపాటు ఆఫీసువాళ్ళెవరూ చేయరు. వాళ్ళకు శుక్ర, శనివారాలు సెలవు, గురువారం మధ్యాహ్నమే ఆ గాలి తగులుతుంది. ఖలందర్‌కు వారంలో ఆరు రోజులు పని, శుక్రవారం ఒక్కటే సెలవు. అతని దృష్టిలో గురువారమంటే నిచ్చెన ఎక్కే రోజు. దానికి పండగ ధర ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడే ఉన్న నాకైనా తట్టాలా, తట్టలేదు. మా ఆయన పీరయ్య దర్జీ అంగడి గురువారం ఏనాడు మూశాడు గనుక?

నూట యాభై కాస్తా రెండు వందల ఇరవై ఐదైంది. లీకేజీ కింద పెట్టింది ఇరవై. కారింది డెబ్బై ఐదు. దీనికి తోడు బయటి తిండి లోపలికి రానివ్వం అని డబ్బా కూడా ఆపేశారు.

"రాట్నం వద్దులే, జ్యూసు వద్దులే" అంది అఫ్షాన్. "ముగ్గురం పోదాం. గుర్రం ఒక్కటి ఎక్కితే సాలు పిల్ల."

"నా దగ్గర నూరు రియాళ్ళుండాయి, తీసుకో. నిదానంగా ఇద్దువు" అన్నాను నేను.

ఖలందర్ అట్టముక్క వైపు చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. అయేషా గేటు కమ్మీల సందులో ముఖం పెట్టి లోపలికి చూస్తోంది. అతని ముఖంలో దిగులు ఉంటుందనుకున్నాను. దిగులు లేదు. ఏదో తట్టినవాడిలా చిన్నగా నవ్వాడు.

"రాసినదాంట్లో ఒక్కటి గూడా కొట్టెయ్యను. మీరు ముగ్గురూ పోండి. నేనీడ డబ్బా కాపలా ఉంటా."

"నువ్వు లేకుండా మాకేం సంబడం?" అంది అఫ్షాన్.

"పోమ్మే, ఆట మొదలైతాది. అయేషా, మీ అమ్మ జుర్మానా మరిచిపోగాకు."

పిల్ల వెనక్కి తిరిగి మొదటిసారి అతన్ని నేరుగా చూసింది. "ఊ" అంది. అంతే.

లోపల చూసినదంతా రాస్తే ఒక పుస్తకమవుతుంది. గుర్రం కొట్టంలోంచి బయటికి వచ్చీ రాగానే గాల్లోకి లేచింది. మీద మనిషి గోనెసంచిలా ఊగాడు. జనం బిగ్గరగా అంకెలు లెక్క పెడుతుంటే ఆరు దగ్గర ఇసుకలో పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని టోపీ వెతుక్కున్నాడు. అఫ్షాన్ కళ్ళు మూసుకుని వేళ్ళ సందులోంచి చూసింది. పీపాలో దాక్కున్న జోకరును ఎద్దు దొర్లించుకుంటూ పోతే నేను నవ్వలేక కడుపు పట్టుకున్నాను. పొద్దు గుంకాక మగ్రిబ్ నమాజుకు ఆట ఆపారు, ఆ తర్వాత రాట్నం ఎక్కాం. పేలాల పొట్లం పదిహేను రియాళ్ళు అనగానే అఫ్షాన్ ఆగలేకపోయింది.

"మూడునూట నలభై అయిదు! మొక్కజొన్నలు పేల్చేదానికా!"

అయేషా ఏడో వేలు ముడిచింది.

చివరికి పిల్ల గుర్రం ఎక్కింది. గోధుమ రంగు పొట్టి గుర్రం, నుదుట తెల్ల మచ్చ. కళ్ళెం పట్టుకుని నడిపించేవాడు ముందు గుర్రానికి సలాం చెప్పమన్నాడు. ఇది చెప్పింది. గుర్రం తల తిప్పి నా మీద చీదింది. నా బురఖా, కళ్ళద్దాలు, అన్నీ తడిసిపోయాయి. పిల్ల నవ్వు ఆ మైదానమంతా వినిపించింది.

"ఎంతమ్మా ఇది? నలభై అంటే?" అని అఫ్షాన్‌ను కవ్వించాను.

"ఊరుకో పెద్దమ్మా, నన్ను చూడనీ" అంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఎనిమిదికి బయటికి వస్తుంటే గేటు దగ్గర కుర్చీలు సర్దే లింబాద్రి అనే నిజామాబాద్ మనిషి నన్ను ఆపాడు. మేం ఖలందర్ దగ్గరి నుంచి రావడం మధ్యాహ్నం చూశాడు.

"అమ్మా, మీ మనిషి గదేం మనిషి? ఏడు దాటినంక ఊకెనే లోపటికి పోనియ్యమని మా ముదీరే, గదే మేనేజరే, అన్నడు. నేను పొయ్యి రెండుసార్లు జెప్పిన. వద్దన్నా, నేనీడనే ఉంటా అంటడు. పైగ నాకే అన్నం పెట్టిండు!"

అంటే గౌస్ చెప్పినట్టు డబ్బా ఒక్కడే తినలేదు, ఆ సంగతి కూడా తేలింది. ఊరికే పొమ్మన్నా పోకపోవడమే నాకు అర్థం కాలేదు.

ఖలందర్ గట్టు మీద నుంచి లేచి వచ్చాడు. కూతురి ముందు గొంతుక్కూర్చుని, "గుర్రం నల్లదా పాపా?" అన్నాడు.

"నల్లది కాదు!"

"అయితే తెల్లదేమో."

"నీకేం తెలుసు? నువ్వు చూల్లేదు గదా! మట్టి రంగుది. ఈడ తెల్ల మచ్చ. దానికి సలాం చెప్పాల, చెప్పకపోతే ఎక్కనీదు. నాయనా, జేజి మీద చీదింది! అంతా చీదింది! ఇంగో, ఆ టోపీ ఆయన లేదూ..."

బస్సులో చెప్పింది. మెట్రోలో చెప్పింది. తండ్రి పక్కన కూర్చుని, అతని మోకాలినే గుర్రం చేసి, మనిషి ఎలా పడ్డాడో రెండు చేతులతో చూపించింది. ఖలందర్ "ఊ" అంటాడు, "అట్లనా!" అంటాడు, ప్రతి దానికీ తప్పు ఊహిస్తాడు, తప్పు చెప్పినప్పుడల్లా తిట్లు తింటాడు. "అయ్యో, ఎద్దుకు రెక్కలు లేవు నాయనా! ఎన్నిసార్లు చెప్పాల?" మలాజ్‌లో దిగేటప్పటికి దాని గొంతు బొంగురుపోయింది. అఫ్షాన్ జుర్మానా పదకొండు రియాళ్ళు. తన టికెట్ తీసేస్తే లెక్కలో మిగిలిన పదిహేనూ, వాడని లీకేజీ ఇరవైతో పాటు, మర్నాడు అఫ్షాన్ చేతిలోనే పెట్టాడు.

వారం తిరక్కముందే వాళ్ళిద్దరూ విమానమెక్కారు. ఖలందర్ మిద్దె మీది గది ఖాళీ చేసి పాత గదికి వెళ్ళిపోయాడు. ఈలోగా గౌస్ మాట వీధంతా పాకింది. నేను అందరికీ సర్ది చెబుతూ వచ్చాను గానీ, అసలు కారణం నాకే తెలియకుండా ఎన్నాళ్ళు చెప్పను?

మొన్న ఆదివారం మా ఏసీ కడగడానికి వచ్చాడు. ముక్కాలి పీట ఎక్కి జాలీ విప్పుతుంటే కింద నిలబడి పట్టుకున్నాను.

"ఖలందరూ, ఒక మాట అడుగుతా, చెప్తావా?"

"నువ్వు అడక్కుండా ఎప్పుడుంటివి పెద్దమ్మా?"

"నూరు రియాళ్ళు ఇస్తానంటే వద్దంటివి. రాట్నం మానుకుందామని అఫ్షాన్ అంటే ఇనకపోతివి. లింబాద్రి ఊరికే పొమ్మన్నా పోకపోతివి. దుడ్ల కోసరం కాదని నాకు తెలుసు. మరి ఎందుకు రాలేదురా లోపలికి?"

జాలీ నా చేతికి అందించి, ముఖం మీది దుమ్ము మోచేత్తో తుడుచుకున్నాడు.

"నేను గూడా వచ్చింటే అన్నీ చూసేసింటి గదా పెద్దమ్మా. ఇంక ఆ పిల్ల నాకు చెప్పేదానికి ఏముంటాది?"