గొడుగు కాదు, గుడుగు

కోసిగి నుంచి ఆదోనికి బస్సులో వస్తున్నాను. బెంగుళూరుకు కూలికి పోతున్న ఒక పెద్దావిడ, ఒళ్లో బట్టల మూటతో నా పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి కిటికీలోంచి ఆకాశం చూసి, "గుడుగప్పా" అంది. గొడుగు అడిగిందనుకుని నాది తీసిచ్చాను.

ఆమె నవ్వింది. "ఇది కాదప్పా. మోడం గుడగుడ అంటాది సూడు, అది గుడుగు. మాయమ్మది కన్నడం ఊరు. ఆయమ్మ మాట."

మా గుంటూరులో దాన్ని ఉరుమంటాం. గుడగుడలాడేది కడుపొక్కటే.

మళ్లీ ఉరిమింది, ఈసారి దగ్గరగా. ఆమె లేచి బస్సు ఆపించింది.

"ఇత్తనం ఏసుకోవల్ల. ఇంగ యాడికీ పోను."

చినుకులు మొదలయ్యాయి. దిగుతుంటే మళ్లీ గొడుగు ఇవ్వబోయాను.

"వద్దప్పా. తడిసి శానా దినాలైనాది."