రెండు రోజులకని రాసిన లైను

ఆ ఆసుపత్రిలో అందరూ ఆయనను చిరునామాల సారు అంటారు. కంప్యూటర్లకు పేర్లు పెట్టడం, ఏ పేరు గల కంప్యూటరు ఏ నంబరు దగ్గర దొరుకుతుందో మిగతా వాటికి తెలిసేలా చూడటం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నారు. మనుషుల చిరునామాల విషయంలో మాత్రం ఆయన ఘనత వేరు. పోయిన నెల చెల్లెలికి గొడుగు ఇచ్చి రావడానికి బయలుదేరి, ఆమె ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి తలుపు తట్టారు. తలుపు తీసిన పెద్దాయనను చూసి, ఎవరో బావగారి తరఫు చుట్టం అనుకున్నారు. అరగంట కూర్చుని, మంచినీళ్లు తాగి, వానాకాలం గురించి మాట్లాడి, గొడుగు ఆయన చేతిలో పెట్టి వచ్చేశారు.

ఇల్లు మారిందని రెండుసార్లు చెప్పాను కదండీ అని భార్య తల పట్టుకుంది. తెలిసిన ఇంటికి వెళ్తూ ఎవరైనా దారి అడుగుతారా అని ఆయన జవాబిచ్చారు. ఆ జవాబు ఆయనకు ఎంత నచ్చిందంటే, మర్నాడు ఆఫీసులో కూడా చెప్పుకున్నారు.

కంప్యూటర్లకు ఆయన నీళ్ల పేర్లు పెట్టారు. రోగుల వివరాలన్నీ దాచే పెద్ద సర్వరు పేరు చెలమ. ఎంత తోడినా ఊరుతూనే ఉంటుందని. రక్తపరీక్షల ల్యాబులో ఉన్నది వాగు. ఆ పేర్లు ఎందుకు పెట్టారో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక మంచి వాక్యం మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

ఆ రోజు పొద్దున చెలమను పాత గది నుంచి కొత్త గదికి మార్చారు. గదితో పాటు నంబరూ మారింది. నిన్నటిదాకా చివర పద్నాలుగు, ఇప్పుడు నలభై. ఊరందరి చిరునామాలూ తెలిసిన పెద్దమనిషి లాంటి సర్వరు ఒకటి ఉంది. పేర్లూ నంబర్లూ దాని దగ్గరే ఉంటాయి. అందులో ఒక్క అంకె మార్చగానే వార్డుల్లోని కంప్యూటర్లన్నీ అడిగి తెలుసుకుని, ఒకదాని వెనక ఒకటి కొత్త గది వైపు తిరిగాయి. కిటికీ దగ్గర టీ తాగుతూ ఆయన తనను తాను నదిని మళ్లించినవాడిలా చూసుకున్నారు. ఆ చూపు పది నిమిషాలు నిలిచింది.

పదకొండో నిమిషంలో ల్యాబు నుంచి ఫోను. రిపోర్టులు వార్డులకు వెళ్లడం లేదట. కాగితాల మీద రాసి మనిషి చేత పంపుతున్నారట.

ల్యాబు నడిపే ఆవిడను ఆసుపత్రి అంతా అక్కయ్య అనే పిలుస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ గదిలోనే, ఆ గాజు గొట్టాల మధ్యే ఉంది. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలు. ఆయన వెళ్లేసరికి తెర మీద కనిపించినదాన్ని ఆవిడ ఒక చీటీ మీద రాసి ఉంచింది. చూస్తాలే అక్కయ్యా అని ఆయన దాన్ని చదవకుండానే చొక్కా జేబులో వేసుకున్నారు. తర్వాత వాగు ముందు కూర్చుని, చెలమ ఎక్కడుందని పెద్దమనిషి సర్వరును అడిగారు. నలభై అని జవాబొచ్చింది. అంతా సవ్యంగానే ఉంది. కాబట్టి తప్పు మనిషిదే, పేరు సరిగ్గా కొట్టడం లేదని తేల్చేశారు.

"నేను పేరు కొట్టను తమ్ముడూ. బటన్ నొక్కుతాను, అంతే."

బటన్ నొక్కడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని ఆయన అన్నారు. అంత మాట ఎలా అనగలిగానా అని తర్వాత చాలా రోజులు ఆశ్చర్యపోయారు.

మధ్యాహ్నానికి గొడవ ముదిరింది. రక్తం రిపోర్టు చేతులు మారి మారి ఆలస్యంగా చేరడంతో ఒక ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. నాలుగింటికల్లా కారణం రాసివ్వమని సూపరింటెండెంటు ఆయనను అడిగాడు. సిబ్బంది తప్పయితే ఈ నాలుగు నెలలూ అక్కయ్యను సామాన్ల గదికి పంపేస్తానని, ఆ సంగతి ఆమె ఫైల్లో కూడా రాస్తానని చెప్పాడు. చిరునామాల సారు చక్కటి దస్తూరీతో రాశారు: ల్యాబు సిబ్బంది వాడకంలో లోపం. సంతకానికి పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే చీటీ వచ్చింది.

గుండ్రటి అక్షరాలు. చెలమ, చివర 14, జవాబు లేదు.

పద్నాలుగు. పొద్దున తన చేతులతో ఊరు దాటించిన నంబరు. పెద్దమనిషి నలభై అంటుంటే వాగుకు పద్నాలుగని చెప్పినవాడు ఎవడు?

ఎవడో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఏ కంప్యూటరైనా బయట ఎవరినీ అడగకముందు తన దగ్గరున్న చిన్న చిరునామాల ఫైలు చూసుకుంటుంది. అందులో దొరికితే ఇక అడగనే అడగదు. ముందు ఇంట్లో చీటీ, తర్వాతే ఊరి పెద్ద. ఈ వరుస అన్ని కంప్యూటర్లలో పెట్టిందీ ఆయనే. పొద్దున ఆయన వాడిన కమాండు మాత్రం ఇంట్లో చీటీ జోలికి పోకుండా నేరుగా పెద్దమనిషినే అడుగుతుంది. ఇంటివాళ్లను పలకరించకుండా వీధి చివర విచారించి, ఇంట్లో అంతా క్షేమమని రాసిచ్చినట్టయింది.

సంతకం పెట్టని ఆ ఉత్తరం మడిచి పట్టుకుని ల్యాబుకు వెళ్లి ఫైలు తెరిచారు. ఒకే ఒక్క లైను ఉంది. చివర పద్నాలుగు, చెలమ. పక్కన చిన్న వివరణ: రెండు రోజులకే, తర్వాత తీసేయాలి. దాని పక్కన తేదీ. ఆరేళ్ల కిందటిది. పెద్దమనిషి సర్వరు పాడైన వారం. ఆ పక్కన ఆయన పొడి అక్షరాలు, గర్వంగా, ఒక చుక్క కూడా మరిచిపోకుండా.

అక్కయ్య అటు తిరిగి గొట్టాలకు మూతలు పెడుతోంది. లైను తీసేయడానికి రెండు మీటలు చాలు. తీసేస్తే ఆ లైను ఉండేదని కూడా ఎవరికీ తెలియదు. ఉత్తరం చేతిలోనే ఉంది, సంతకమే తక్కువ. ఆయన వేలు మీట మీద ఆనింది. గాజు గొట్టాల్లోంచి వచ్చిన మధ్యాహ్నపు వెలుగు ఆ వేలి మీద ఎర్రగా పడింది. తన వేలు తనకే ఎవరిదోలా కనిపించింది.

"అక్కయ్యా, ఒకసారి ఇలా రండి."

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చదివింది. "ఈ పొడి అక్షరాలు ఎవరివి?"

"నావే."

"రెండు రోజులంటే ఆరేళ్లా నీ లెక్కలో? నువ్వు రెండు రోజులకని ఊరెళ్తే మీ ఆవిడకు ఎంత విశ్రాంతి."

ఆయన నవ్వలేకపోయారు. ఉత్తరం విప్పి ఆమె చేతికిచ్చారు. ఆమె రెండుసార్లు చదివింది. ఒక గొట్టానికి మూత పెట్టింది. ఇంకో గొట్టానికి పెట్టింది.

"సంతకం పెట్టావా?"

"లేదు."

"పెట్టు. దీని మీద కాదు."

అక్కడే, ఆమె బల్ల మీద, ఆమె పెన్నుతోనే ఇంకో ఉత్తరం రాశారు. ఆరేళ్ల కిందట నేను రాసి మరిచిపోయిన లైను వల్ల రిపోర్టులు వెళ్లలేదు, ల్యాబువారు తప్పేమిటో పొద్దుననే రాసిచ్చినా నేను చదవలేదు. దస్తూరీ ఈసారి అంత బాగా రాలేదు. సంతకం పెట్టాక లైను తీసేసి లేచి నిలబడ్డారు. అక్కయ్య వచ్చి కూర్చుని బటన్ నొక్కింది, ముప్పై ఏళ్ల పద్ధతిలోనే. పొద్దుటి నుంచి ఆగిన రిపోర్టులన్నీ ఒక్కసారి కదిలాయి.

సూపరింటెండెంటు ఉత్తరం చదివి, ఫైల్లో రాయక తప్పదు, మీ ఫైల్లో, అన్నాడు. ఆయన తలూపారు. అక్కయ్య కుర్చీ ఉన్నచోటే ఉంది.

సాయంత్రం బస్సు కోసం నిలబడి చెల్లెలికి ఫోను చేశారు. ఇప్పుడు ఎక్కడుంటున్నావని అడిగారు.

"చెప్తే రాసుకుంటావా అన్నయ్యా?"

"రాసుకోను. వచ్చేముందు ప్రతిసారీ అడుగుతాను."

ఆమె వీధీ, మేడా, తలుపు రంగూ నిదానంగా చెప్పింది. గొడుగు తెస్తున్నావా అని కూడా అడిగింది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. గొడుగు ఎక్కడుందో ఆయనకు చాలా బాగా తెలుసు.