మిల్లు పొగగొట్టం, మా దొడ్లో ఇనుప గుంజ

మా ఇంటి వెనక బియ్యం మిల్లుకి ఇనుపరేకు పొగగొట్టం ఒకటి ఉండేది. అలాంటి గొట్టం తనంతట తాను నిలబడదు. మూడు వైపులా ఇనుప తీగలు లాగి కట్టాలి. రెండు తీగలు మిల్లు ఆవరణలోనే ఉండేవి. మూడోది మా గోడ దాటి వచ్చి, మా దొడ్లో పాతిన ఇనుప గుంజ దగ్గర ఆగేది. మా నాన్న నోటిమాట మీద ఒప్పుకున్నాడు. అందుకు మిల్లు షావుకారు ఒక తాంబూలమైనా ఇవ్వలేదని మా అమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పింది. ఆమె తర్వాత నేను చెబుతున్నాను.

అరవైల చివర్లో గజపతినగరం మిల్లులకి కరెంటు మోటార్లు వచ్చాయి. మా వెనక మిల్లులో ఆవిరి బాయిలరు ఆపేశారు. దాన్ని నడిపే డ్రైవరు వేరే ఊళ్లో పని చూసుకున్నాడు. ఆ తర్వాత తీగలకి నూనె రాసేవాడు లేడు. మిల్లు వైపు తీగలు తుప్పుపట్టి వదులయ్యాయి. గొట్టం మా పడమటింటి వైపు ఒరిగింది. గాలి వేస్తే మూలిగేది.

అప్పటికి నా భార్య పురుడు పోసుకోడానికి రాజాంలో పుట్టింట ఉంది. ఆడపిల్ల పుట్టింది. తీసుకురావడానికి వెళితే మా మావ భోజనాల దగ్గర విషయం తీశాడు.

"ఏటనుకోకు అల్లుడా. తుపాన్ల రోజులొస్తన్నాయి. ఆ గొట్టం దిగేదాకా పిల్లనీ మనవరాల్నీ అంపను."

"పడమటింట్లో పడుకోకపోతే సరి కదా మావా?"

"ఏ గది మీద పడాలో గొట్టానికి నువ్వు సెప్తావేటి?"

ఇంటిల్లిపాదీ నవ్వారు. లోపలి నుంచి నా భార్య నవ్వు కూడా వినిపించింది. నేను పెరుగు వేసుకోకుండా లేచాను. రెండోసారి కూర్చోమని ఎవరూ అనలేదు.

షావుకారు దగ్గరికి వెళ్లాను. ఇద్దరు ధాన్యం బ్రోకర్లు కాఫీ తాగుతున్నారు. నన్ను బస్తా మీద కూర్చోమన్నాడు. కాఫీ మాట ఎత్తలేదు.

"గొట్టం దించేస్తే అది మిల్లంటారేటి? అంత దూరం నుంచి బళ్లోళ్లు దాన్ని సూసే వస్తన్నారు."

"ఇప్పుడు పొగ రావడం లేదు కదా?"

"పొగ నేకపోతే ఏటి? గొట్టం ఉన్నాది కదా?"

పంచాయతీ వాళ్లు గొట్టం బాయిలరుదనీ, బాయిలర్ల సంగతి పట్నంలో ఆఫీసుదనీ అన్నారు. పట్నం వెళ్లాను. అక్కడి గుమాస్తా కుర్చీ చూపించలేదు గానీ సమాధానం మాత్రం వెంటనే చెప్పాడు. షావుకారు బాయిలరు నడిపే సర్టిఫికెట్టు వాపసు ఇచ్చేశాడు. ఆపేసిన బాయిలరు ఇక వాళ్ల లెక్కలోది కాదు.

"పని చేస్తుంటే చెప్పండి, వెంటనే ఇన్‌స్పెక్టరు గారిని పంపిస్తాం" అన్నాడు.

"పని చేసినన్నాళ్లూ అది తిన్నగానే ఉందండీ. ఆపేశాకే ఒరిగింది."

"ఒరగడం పంచాయతీ వాళ్లది."

నేను తిరిగొచ్చి దొడ్లో కూర్చుని ఆ గొట్టాన్ని చూస్తూ ఉండేవాణ్ని. దానికి నన్ను చూసే అవసరం లేదు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మోటార్లకి బొట్లు పెట్టి, దండలు వేసి, బూడిద గుమ్మడికాయ కొట్టారు. అంతటితో ఆగలేదు. షావుకారు బాయిలరు తలుపు కూడా తీయించి, పొయ్యిలో ఊక పోసి, కర్పూరంతో అంటించాడు. ఏడాదికొకసారైనా ఆ పొయ్యి వెలగకపోతే మిల్లులో లక్ష్మి నిలవదని ఆయన నమ్మకం. గొట్టంలోంచి పొగ వచ్చింది. చాన్నాళ్ల మసి కూడా వచ్చింది. దండెం మీద ఆరేసిన నా కొత్త పంచె మీద పడింది. వీధిలో అందరి ఇళ్లకీ పులిహోర వచ్చింది. మా ఇంటికి రాలేదు.

పంచె మడతపెట్టి సంచిలో వేసుకుని మళ్లీ పట్నం వెళ్లాను. గుమాస్తా బల్ల మీద పరిచాను. "పని చేసిందండీ" అన్నాను. ఆయన మసిని వేలితో రాసి చూసి, లోపలికి వెళ్లాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నేను గోడ ఇవతల నిలబడి అంతా విన్నాను. షావుకారు ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ రోజుతో సరిపోయేది. పూజ విషయంలో అబద్ధమాడే మనిషి కాడు. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి.

"దీన్ని వెలిగించారా?"

"ఎలిగించకుండా ఎలాగుంటాం బాబూ? పెతీ దసరాకీ ఎలిగిస్తాం. వచ్చే యేడు మీరూ రండి."

"బాయిలర్లో నీళ్లు పోశారా?"

"పూజకి నీళ్లెందుకు బాబూ? కొబ్బరికాయ నీళ్లు సల్లేం."

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా చెప్పాడు. సర్టిఫికెట్టు లేకుండా నిప్పు పెట్టడం నేరం. కావాలంటే మళ్లీ పరీక్ష చేయించుకుని నడుపుకోవచ్చు. వద్దంటే సరిగ్గా మూసేయాలి. ఆవిరి గొట్టం కోసేయాలి, పొయ్యి తలుపుకి అడ్డంగా ఇటుక కట్టాలి, పొగగొట్టం దించాలి. అవన్నీ అయ్యేదాకా అది ఆగి ఉన్న బాయిలరే గానీ మూసిన బాయిలరు కాదన్నాడు.

"ఇటుక కట్టేస్తే దసరాకి దీపం ఎక్కడెట్టాలి?" అన్నాడు షావుకారు. నిజంగానే అడిగాడు.

"ఇటుకల ముందు పెట్టుకోండి."

దీపావళి లోపల గొట్టం దించారు. మా దొడ్లో తీగ విప్పారు. గుంజ తీయమంటే, "మీ దొడ్లోది మీదే" అని షావుకారు కబురు పంపాడు.

మా మావ బండి కట్టించుకుని తనే వచ్చాడు. నా భార్యనీ పిల్లనీ బండిలోనే ఉండమని, దిగి దొడ్లోకి నడిచాడు. ఆకాశం చూశాడు. పడమటింటి పెంకులు చూశాడు. చివరికి కింద చూశాడు.

"ఇదేటి?"

"గుంజ మావా. దీనికి తీగ లేదు ఇప్పుడు."

"రేపు పిల్ల నడిస్తే తగిలి పడదేటి?"

"పిల్ల ఇంకా బోర్లా పడలేదు మావా."

"నాన్నా, ఎండలో ఉన్నాం" అంది నా భార్య బండిలోంచి. మా మావ కదల్లేదు. పలుగు తెచ్చి తవ్వాను. గొట్టం కంటే గుంజే ఎక్కువ కష్టపెట్టింది. మా నాన్న చాలా లోతుగా పాతనిచ్చాడు. అది ఊడొచ్చాక మా మావ గోతిలో మన్ను కాలితో తొక్కి, అప్పుడు బండి వైపు చెయ్యి ఊపాడు. నా భార్య దిగి పిల్లని నా చేతికి ఇచ్చింది. చేతులు మట్టిగా ఉన్నాయని, వెంటనే తీసేసుకుంది.

మర్నాడు షావుకారు మనిషి వచ్చాడు. మిల్లు ఇనుమంతా పాతసామాన్లకి వేస్తున్నారట, గుంజ కూడా ఇమ్మన్నాడట. ఇవ్వలేదు. ఇప్పటికీ మా అటక మీద ఉంది.