ఆకుపచ్చ సీసాలోని అడవి వాసన

ఈ బ్లాగులో మీరు ఇప్పటిదాకా కొండదారులు చదివారు, సముద్రపు ఒడ్డు చదివారు, పద్నాలుగు గంటల బస్సు ప్రయాణాల మీద నా సణుగుడు కూడా చదివారు. ఈసారి నేను తిరిగింది అంతా కలిపితే మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. అశోక్ నగర్‌లో మొదలై, చిక్కడపల్లి మీదుగా నారాయణగూడలో ఒక డాబా మీద ముగిసింది. దీనికి కారణం గురువారం స్వరూప చేసిన ఫోను. స్వరూప డిగ్రీలో నా రూమ్మేటు. తర్వాత మైక్రోబయాలజీలో పీజీ చేసి, నాలుగేళ్లుగా అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. గచ్చిబౌలి వైపు సొంతంగా బీరు తయారుచేసి అమ్మే ఒక చోట ల్యాబు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిందట. సోమవారం పొద్దున ఇంటర్వ్యూ. గ్లాసులు ముందు పెట్టి, వాసన, రుచి చూసి చెప్పమంటారట. "నేను ఇప్పటిదాంక తాగింది ఒక్కటే రకం. అది గూడ నువ్వు పోసిందే" అంది. ఈ ఉద్యోగం రాకపోతే నెలాఖరుకు హాస్టల్ ఖాళీ చేసి, భువనగిరి దగ్గర వాళ్ల ఊరికి వెళ్లిపోవాలని అప్పటికే నిర్ణయించుకుంది. కాబట్టి మాకున్నది ఒక్క శనివారం.

మియాపూర్‌లో ఎనిమిదిన్నరకు మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, చిక్కడపల్లిలో దిగేసరికి తొమ్మిది నలభై ఐదు. అక్కడి నుంచి అశోక్ నగర్‌కు పదిహేను నిమిషాల నడక. ఆటో ఎక్కకండి, నడిస్తేనే ఆ ప్రాంతం తెలుస్తుంది. ప్రతి గోడ మీదా ఏదో ఒక పరీక్ష పేరు ఉంటుంది. జిరాక్సు షాపులు తెల్లారకముందే తెరుస్తారు. రీడింగ్ రూముల ముందు చెప్పులు బడి పిల్లల్లా వరసగా ఉంటాయి. స్వరూప తన వీధి చివర దోసెల బండి దగ్గర ఎదురుచూస్తోంది. చంకలో లాంగ్ నోట్‌బుక్కు. తెరిచి చూస్తే లాగర్, స్టౌట్, ఐపీఏ, గోధుమ బీరు అని గడులు గీసి, రంగు, చేదు, నురగ, పుట్టిన దేశం అన్నీ మూడు రంగుల పెన్నులతో రాసిపెట్టింది. రాత్రంతా కూర్చుని కంఠస్థం చేసిందట.

దోసె వేస్తున్న ఆవిడ నా చేతిలోని ఆ నోట్‌బుక్కు వైపు చూసింది. "ఈ అక్క కొత్తగ వచ్చిందా? ఏ గ్రూపు?"

"గ్రూపు కాదక్కా, ఇది వేరే పరీక్ష" అంది స్వరూప.

"ఏదైతేంది బిడ్డా, తిని చదువుండ్రి. ఉల్లి దోసె మంచిగుంటది." నలభై రూపాయలు. నిజంగానే మంచిగుంది.

పదకొండింటికి చిక్కడపల్లిలో నా పాత వైన్స్ దగ్గరికి వెళ్లాం. డిగ్రీ చివరి ఏడాది, ఇరవై ఒకటి నిండిన రోజున, నేను మొదటి బీరు కొన్నది ఇక్కడే. ఇద్దరు అమ్మాయిలు కౌంటర్ ముందుకొస్తే మగవాళ్ల వరస ఇప్పటికీ మౌనంగా పక్కకు జరుగుతుంది. అది మర్యాదో, ఇబ్బందో ఇన్నేళ్లకూ తేల్చుకోలేకపోయాను. నాకు కావాల్సింది ఒక్కటే, ఆ ఆకుపచ్చ సీసా లాగర్. పాత చదువరులకు గుర్తుండే ఉంటుంది. మూడేళ్ల క్రితం ఇదే బ్లాగులో దాని మీద పెద్ద టపా రాశాను. "వాన వెలిసిన అడవి వాసన" అని వర్ణించాను. అది చదివి కొనుక్కున్నామని చాలామంది రాశారు కూడా. షాపతను వీధివైపు అద్దాల అరలోంచి సీసా తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. మిగతా రకాలు నేను ముందురోజే జూబ్లీహిల్స్‌లో, విదేశీ బీర్లు దొరికే పెద్ద దుకాణంలో కొని ఐసు సంచిలో తెచ్చాను.

నారాయణగూడకు ఆటో ఎనభై రూపాయలు. గుంతల దగ్గర సీసాలు గలగలమంటుంటే డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

"దావతా అక్కా?"

"పరీక్షన్నా" అన్నాను.

"మా కాలంల గిట్లాంటి పరీక్షలు లేకపాయె" అని, ఆ తర్వాత ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండిని చేత్తో నెట్టుకెళ్తున్నంత మెల్లగా పోనిచ్చాడు.

మేము వెళ్లింది సుభద్ర గారింటికి. డిగ్రీ రోజుల్లో మేమిద్దరం అద్దెకున్న గది వాళ్ల డాబా మీదిదే. తెనాలి నుంచి వాళ్ల నాన్నగారు ఆఫీసు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆవిడ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. శనివారం మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక బీరు తాగుతారు, నలుగురు స్నేహితురాళ్లు తలా ఒక సీసా తెస్తారు. ఆ ఇంట్లో రెండు నియమాలున్నాయి. సీసాను ఇంట్లోకి తేగానే పేపరు చుట్టి అంకె వేసేస్తారు, పేరు ఎవరికీ కనపడదు. తెచ్చినవాళ్లు అందరూ మాట్లాడేదాకా తమ సీసా గురించి నోరెత్తకూడదు. ప్రేమించి తెచ్చినదాన్ని ఎదుటివాళ్లు తిడుతుంటే ఊరికే వినడం ఎంత కష్టమో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది.

ఆ రోజు స్నేహితురాళ్లను రావద్దన్నారు. "ఏమ్మా, పరీక్షకొచ్చావా, పేరంటానికొచ్చావా? ఆ పుస్తకమేంటి?" అన్నారు స్వరూపను చూసి. వేయించిన పల్లీల్లో ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి ముందు పెట్టారు. చెక్కలు, చల్లటి నీళ్లు. గ్లాసులో రెండు వేళ్ల ఎత్తుకు మించి పోయలేదు. డాబా మీద గోంగూర కుండీల పక్కన, నీడలో, ఒంటిగంటకు మొదలుపెట్టాం.

ఒకటో గ్లాసు తాగి స్వరూప నోట్‌బుక్కు తిప్పి, "లాగర్" అంది. రెండోదానికి, "చేదుంది, ఐపీఏ." మూడోది తాగి చాలాసేపు ఆలోచించి, "గోధుమ బీరు" అంది. సుభద్ర గారు ఎందుకని అడిగారు.

"లాగర్ అయిపాయె, ఐపీఏ అయిపాయె. ఇది నల్లగ లేదు గాబట్టి స్టౌట్ కాదు. ఇగ మిగిలింది గదే ఆంటీ."

సుభద్ర గారు పేపరు విప్పారు. ఒకటీ మూడూ ఒకే లాగర్. "రెండుసార్లు పెట్టకూడదని ఎవరు చెప్పారు? నువ్వు బీరు తాగట్లేదమ్మాయ్, బిట్ పేపరు రాస్తున్నావు." అని నోట్‌బుక్కు లాక్కుని, మడతపెట్టి, దాని మీద కూర్చున్నారు.

స్వరూప మొహం చిన్నబోయింది. "నాలుగేండ్లు నాకు వచ్చిన విద్య ఇదొక్కటే ఆంటీ" అంది మెల్లగా. నవ్వుదామని తెరిచిన నోరు మూసేసుకున్నాను.

"మీ నాన్న కల్లు గీస్తారు కదా, ఆయన ఏ పుస్తకం చూస్తారు?" అన్నారు సుభద్ర గారు.

"మా నాయినా? లొట్టిల ముక్కు పెడ్తడు." లొట్టి అంటే చెట్టుకు కట్టే కల్లు కుండ. "తాగుడు తర్వాత."

"అయితే నువ్వూ పెట్టు."

అక్కడి నుంచి చూసింది వేరే స్వరూపను. నాలుగో గ్లాసును నోటిదాకా తేలేదు. కళ్లు మూసుకుని, "మాగిన అరటిపండు. ఆఖరుకు లవంగం" అంది. జర్మనీ తరహా గోధుమ బీరు. ఐదోదానికి, "నారింజ తొక్క. ఇంకోటి... ధనియాలు, దంచినయి" అంది. బెల్జియం తరహా, అందులో ఆ రెండూ వేస్తారని సీసా మీదే రాసి ఉంది. ఆరో గ్లాసు నల్లగా ఉండటంతో నేను కూడా స్టౌట్ అనేదాన్నే. తను మాత్రం, "జొన్నరొట్టె అంచు మాడినప్పుడు వస్తది సూడు, గది. ఎనుక కాఫీ పొడి" అంది. నేను ఏడెనిమిదేళ్లుగా స్టౌట్ తాగుతున్నాను. ఆ మాట విన్నాక మళ్లీ మూతి పెట్టి చూస్తే నిజంగానే మాడిన రొట్టె. ఇన్నాళ్లూ నేను తాగింది సీసా మీద రాసినదాన్ని. ఆ పిల్ల తాగింది గ్లాసులో ఉన్నదాన్ని.

ఏడోది నా ఆకుపచ్చ సీసా. తను వాసన చూసి గ్లాసు కింద పెట్టేసింది. "ఇది కరాబైంది."

నియమం ప్రకారం నేను మాట్లాడకూడదు. పల్లీలు నమిలాను.

"రబ్బరు కాలిన వాసన ఆంటీ. ఇది పుట్టుకతోని వచ్చింది కాదు, తర్వాత తగులుకున్నది."

సుభద్ర గారు నా మొహం చూసి లేచి లోపలికి వెళ్లారు. తన ఫ్రిజ్‌లోంచి అదే కంపెనీ అదే లాగర్, డబ్బాలోది, తెచ్చి పక్క గ్లాసులో పోశారు. రెండూ పక్కపక్కన వాసన చూశాను. డబ్బాలోది శుభ్రంగా, ఎండుగడ్డిలా, హాయిగా ఉంది. అందులో అడవి లేదు. స్వరూప నోట్‌బుక్కు అడిగి తీసుకుని, ఒక పేజీ తెరిచి వేలు పెట్టింది. ఆకుపచ్చ గాజులోంచి ఎండ దూరి బీరును పాడుచేస్తుందని రాత్రి తనే రాసుకుంది. "చదివిన. గని వాసన తెల్వదు గద." ఆ లైను పక్కన 'రబ్బరు' అని రాసుకుంది. నేను మాత్రం వీధివైపు అద్దాల అరను, ఆ సీసా మీది దుమ్మును తలుచుకున్నాను. ఆ షాపతను నాకెప్పుడూ అక్కడి నుంచే తీసిచ్చేవాడు. పాడైన వాసనకే అలవాటుపడి, దాని మీద కవిత్వం రాసి, మీ అందరి చేతా కొనిపించాను.

"ఏమే, నువ్వు పరేషాన్ గాకు" అంది స్వరూప. తన బెంగ వేరే ఉంది. "సోమవారం గిట్లాంటిది పెడితే ఏం జెయ్యాలె? వాళ్ల బీరే బాగలేదంటే ఉద్యోగమిస్తరా?"

"మీ నాన్నకి ఎప్పుడైనా చెప్పావా అలాగ?" అడిగారు సుభద్ర గారు.

స్వరూప నోట్‌బుక్కు మూసింది. "పదేండ్లప్పుడు. తాగేటోళ్లు చుట్టూ కూసున్నరు. లొట్టి సరిగ్గ కడగలేదు, వాసనొస్తుందన్న. నాయిన నా దిక్కు చూసిండు, ముక్కు పెట్టిండు, మొత్తం పారబోసిండు. ఆ పొద్దు అమ్మకం లేదు."

"కొట్టారా?"

"లే. తెల్లారి నుంచి పోసేముందు నాకే చూపిచ్చిండు."

సుభద్ర గారు లేచి కంచాలు తెచ్చారు. పెరుగన్నం, మాగాయ పెట్టారు. నాలుగింటికి నారాయణగూడ స్టేషన్లో నేను మెట్రో ఎక్కాను, తను అశోక్ నగర్ వైపు నడిచింది.

సోమవారం తన ముందు ఐదు గ్లాసులు పెట్టారట. రెండోది పులిసిన బీరు రకమని, దాని గొప్పతనం చెప్పమని అడిగారట. "ఇది రకం కాదు సార్, కడగని లొట్టి" అని చెప్పి, వాళ్ల మొహాలు చూసి, పోయిందనుకుని బయటికొచ్చేసింది. గురువారం వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆ గ్లాసు నింపిన పైపు విప్పి చూస్తే లోపల మురికి పేరుకుని ఉందట. ఒకటో తారీఖు నుంచి పని. హాస్టల్ మాత్రం మారనంటోంది, ఆ ఉల్లి దోసె గచ్చిబౌలిలో దొరకదట.

ఎంత దూరం తిరిగితే అంత తెలుస్తుందని నేను నమ్మేదాన్ని. నా నోట్లో ఉన్నదేమిటో తెలుసుకోవడానికి నేను చదువుకున్న వీధులకే తిరిగి రావాల్సి వచ్చింది. నాకెంతో ఇష్టమైనదాన్ని కరాబైందని మొహం మీద చెప్పే మనిషి కూడా కావాల్సి వచ్చింది. మూడేళ్ల నాటి ఆ టపా తీసేయలేదు. దాని కింద ఒక్క వాక్యం చేర్చాను: ఇది అడవి కాదు, ఎండ. మీరు కొనేటప్పుడు మాత్రం షాపతను అద్దాల అరలోంచి అందంగా తీసిచ్చే సీసా వద్దని, ఫ్రిజ్‌లో వెనక వరసలోని గోధుమరంగు సీసా గాని, డబ్బా గాని అడగండి. కాస్త సణుగుతాడు, ఇస్తాడు.